ఖాళీ తీగ విన్న చప్పుడు

ఖాళీ తీగలోంచి మొట్టమొదట వినిపించింది అడుగుల చప్పుడు.

విశాఖపట్నంలో మధురవాడ కొండమీద, సాగరసేతు నెట్‌వర్క్స్ కంపెనీ పరిశోధనశాలలో కూర్చుని గంటా హైమావతి హెడ్‌ఫోన్లను రెండు చేతులా చెవులకు అదుముకుంది. చప్పుడు వస్తున్నది అనంతగిరి కొండల్లో, రైలు పట్టాల పక్కన నేలలో పాతిన గాజు తీగ నుంచి. ఆ తీగలో ఆ క్షణాన ఒక్క ఫోను మాటా లేదు, ఒక్క సినిమా లేదు, ఒక్క ఫొటో లేదు. హైమ పంపిన సన్నని వెలుగు మాత్రమే అటు వెళ్ళి ఇటు వస్తోంది. నేల అదిరినప్పుడల్లా తీగ వణుకుతోంది. తీగతో పాటు వెలుగు వణుకుతోంది. ఆ వణుకును మళ్ళీ శబ్దంగా మార్చే యంత్రం కోసం ఆమె, ఆమె సహచరుడు సాదిక్ మూడేళ్ళుగా తంటాలు పడుతున్నారు.

సాదిక్‌ది శబ్దాల చదువు. అతను తెరమీద గీతల్ని చూస్తూ, ఇది దారిన పోయే జనం నడక కాదని, దీనికి తాళం ఉందని అన్నాడు. హైమ వెంటనే భర్తకు ఫోన్ చేసింది. ఆమె భర్త తవిటినాయుడు కాఫీ తోటల అధికారి. వారమంతా ఆ కొండల్లోనే తిరుగుతుంటాడు. తీగ చూపించిన చోటు పేరు చెప్పి, అక్కడ ఏం జరుగుతోందో కనుక్కోమంది. అతను వాకబు చేసి కాసేపట్లోనే తిరిగి ఫోన్ చేశాడు.

"పెళ్ళి జరుగుతోంది హైమా. ఆడోళ్ళంతా వరసకట్టి థింసా ఆడతన్నారంట. నువ్వు వైజాగ్‌లో కూకుని అది వినేసేవా?"

హైమ ఫోను సాదిక్ చేతికిచ్చి, పరిశోధనశాల వసారాలోకి పరుగెత్తి, అక్కడెవరూ లేకపోయినా రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

ఆ తీగను కంపెనీ వేసింది వినడానికి కాదు. ఒరిస్సా వైపు నుంచి ఉత్తరాంధ్ర అంతటికీ వచ్చే ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ జాతీయ రహదారి వెంబడి వేసిన పెద్ద కేబుల్‌లో నడుస్తాయి. అది తెగితే? తెగుతూనే ఉంటుంది. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు, మంచినీళ్ళ గొట్టాలు వేసేవాళ్ళు, ఎవరో ఒకరు ప్రొక్లెయినర్ అనే తవ్వే యంత్రంతో కెలికేస్తుంటారు. అందుకని కొండల మీదుగా రెండో కేబుల్ వేశారు. మొదటిది తెగిన మరుక్షణం రాకపోకలన్నీ దానంతటవే రెండోదానిలోకి మళ్ళుతాయి. మాట్లాడుకునేవాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఆ ఒక్క క్షణం కోసం రెండో తీగ ఏడాది పొడవునా ఊరికే పడి ఉంటుంది. ఊరికే పడి ఉన్నదాని చేత కాపలా కాయించవచ్చు కదా అన్నది హైమ ఆలోచన. తవ్వే యంత్రం దగ్గరకు వస్తున్నప్పుడే పసిగడితే, కేబుల్ తెగకముందే రద్దీని పక్కదారికి మళ్ళించేయవచ్చు.

ఒక్కటే చిక్కు. తీగ ఖాళీగా ఉన్నంతసేపే వింటుంది. జనం మాటలు అందులోకి వచ్చాయంటే, ఆ వెలుగుల జాతరలో హైమ పంపిన సన్నని వెలుగు కలిసిపోతుంది. తీగకు చెవుడు వచ్చేస్తుంది.

తర్వాతి నెలలు పండగలా గడిచాయి. మేకల మందను పశువుల మంద నుంచి, గూడ్సు బండిని ప్యాసింజరు బండి నుంచి సాదిక్ విడదీసి చెప్పగలిగాడు. ఒక రోజు రెండు కేబుళ్ళూ పక్కపక్కనే నడిచే కొత్తవలస దగ్గర తవ్వే యంత్రం పెద్ద కేబుల్ వైపు వస్తోందని తీగ ముందే చెప్పింది. వీళ్ళు రద్దీని మళ్ళించారు. యంత్రం కేబుల్‌ను నిజంగానే తెంపేసింది. ఒక్క ఫోనూ ఆగలేదు. నెట్‌వర్క్ మొత్తానికి పెద్ద అయిన త్రివిక్రమరావు, ఎప్పుడూ నవ్వని మనిషి, ఆ సాయంత్రం మాడుగుల హల్వా పొట్లం తెచ్చి ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి తానే పెట్టాడు.

శనివారాలు తవిటినాయుడు ఇంటికి వచ్చేవాడు. తెచ్చిన కాఫీ గింజల్ని బాణలిలో వేయిస్తుంటే ఫ్లాటంతా ఘుమఘుమలాడేది. హైమ అతని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, రికార్డు చేసిన చప్పుళ్ళు వినిపించేది. మిరియాల బస్తాలు మోసేవాళ్ళ నడక ఇది, వాగు దాటేవాళ్ళ నడక ఇది అని అతను చెబుతుంటే చిన్నపిల్లలా పొంగిపోయేది. ఒకసారి మాత్రం అతను హెడ్‌ఫోన్లు తీసేసి, తమ అడుగుల్ని ఎవరో వింటున్నారని ఆ కొండల్లో జనానికి తెలుసా అని అడిగాడు. హైమ సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే, మనుషుల నడకకు సంబంధించినది ఏదీ ఒక్కరోజుకు మించి దాచకూడదని నియమం రాసి త్రివిక్రమరావు చేత ఒప్పించింది.

భాద్రపదంలో వానలు విరుచుకుపడ్డాయి.

ఆ రోజు ఉదయం సాదిక్ ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు. నీలిమెట్ట దగ్గర తీగ పెద్దగా అదిరిందన్నాడు. అక్కడ రైలు రెండో లైను కోసం సొరంగం తవ్వుతున్నారు. రెండో కేబుల్ ఆ సొరంగం నెత్తి మీదుగా వెళుతుంది. కొండచరియ కూలి సొరంగం నోరు మూసుకుపోయిందని, పదకొండు మంది లోపల ఉండిపోయారని కాసేపటికి టీవీల్లో వచ్చింది.

హైమ తీగలోని ఆ కాస్త భాగాన్నే పెద్దది చేసి విన్నది. వాన చప్పుడు. జారుతున్న మట్టి. సాదిక్ వానను తీసేశాడు, మట్టిని తీసేశాడు. మిగిలినది దాదాపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అడుగున, ఇనుము రాతిని కొడుతున్నట్టు, టక్ టక్ టక్ అని మూడు దెబ్బలు. కాస్త ఆగి మళ్ళీ మూడు.

సాదిక్ ఆమె మొహంలోకి చూశాడు. "బతికే ఉన్నారు మేడమ్," అన్నాడు.

రక్షణ దళం అప్పటికే సొరంగం నోటి దగ్గర మట్టి తీయడం మొదలుపెట్టింది. లోపలివాళ్ళు తవ్వకం జరిగే చివర ఉండి ఉంటారని వాళ్ళ అంచనా. హైమ ఫోన్‌లో వాళ్ళ అధికారికి తాను విన్నది చెప్పింది. దెబ్బలు చివర నుంచి రావడం లేదు. మధ్యలో, యంత్రాలు నిలిపే పక్క గదిలోంచి వస్తున్నాయి. ముందునుంచి తవ్వుకుంటూ పోతే అక్కడికి చేరడానికి రోజులు పడుతుంది, పైగా మిగిలిన మట్టి కూలుతుంది. కొండ మీదినుంచి నిలువునా గొట్టం దించితే సరిగ్గా ఆ గది మీదికి వస్తుంది. అధికారి మొదట నమ్మలేదు. కొండ మీద నిలబడి పెద్ద సుత్తితో నేలను కొట్టమని హైమ అడిగింది. అతను కొట్టించాడు. ఎక్కడ కొట్టారో, ఎన్నిసార్లు కొట్టారో ఆమె విశాఖలో కూర్చుని చెప్పింది. 

"బోరు బండి తెప్పిస్తున్నాను. మీరు ఫోన్ పెట్టేయకండి," అన్నాడతను.

బోరు బండి కొండెక్కింది. గొట్టం దిగడం మొదలైంది. లోపలివాళ్ళకు ఆ చప్పుడు వినబడినట్టుంది, దెబ్బలు గబగబా వచ్చాయి. పరిశోధనశాలలో పనిలేనివాళ్ళు కూడా వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. గొట్టం కాస్త పక్కకు పోతే సాదిక్ చెప్పేవాడు, అక్కడివాళ్ళు సరిచేసేవారు.

మిట్టమధ్యాహ్నం దాటాక తీగ చెవిటిదైపోయింది.

తెరమీద గీతలన్నీ ఒక్కసారిగా కలగాపులగమయ్యాయి. హైమ పరుగున కంట్రోల్ రూముకు వెళ్ళింది. గోడంత తెరమీద రహదారి కేబుల్ ఎర్రగా మారింది. వరదకు నది వంతెన కొట్టుకుపోయింది, దానికి కట్టిన పెద్ద కేబుల్ దానితోపాటే పోయింది. ఎలా మళ్ళాలో అలాగే, కన్ను మూసి తెరిచేలోగా, మూడు జిల్లాల మాటలన్నీ కొండ తీగలోకి వచ్చి పడ్డాయి. ఎన్నాళ్ళుగానో దేనికోసం ఆ తీగ కాచుకుని ఉందో ఆ పనే అది చేసింది. గదిలో ఉన్న ఇంజనీర్లలో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

త్రివిక్రమరావు తెర ముందు నిలబడి ఉన్నాడు. హైమ ఆయనకు సంగతి చెప్పింది. గొట్టం సగం దూరమే దిగింది. ఇప్పుడు తీగ వినకపోతే అది ఎటు పోతుందో తెలియదు. గదికి పక్కగా పోతే పైకప్పు కూలిపోతుంది. కొండ తీగను ఖాళీ చేయాలి.

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఖాళీ చేస్తే ఈ రద్దీ అంతా ఎక్కడికి పోవాలని అడిగాడు. మిగిలి ఉన్నది టవరు నుంచి టవరుకు గాలిలో వెళ్ళే పాత లింకు. నది పట్టాల్సిన చోట పంట కాలువ. పదింట తొమ్మిది ఫోన్లు ఆగిపోతాయి. ఈ వానలో, ఈ వరదలో ఆగిపోతాయి.

ఆగిపోతాయని హైమకూ తెలుసు. ఏవి ఆగకూడదో మనం ఎంచవచ్చంది. అంబులెన్సు, పోలీసు, అగ్నిమాపక నంబర్లు, ఆసుపత్రుల లైన్లు, కలెక్టర్ల కంట్రోల్ రూములు, రైల్వే, రక్షణ దళం. వాటికి దారి వదిలి, మిగతావి ఆపాలి. ఆయన పైవాళ్ళకు ఫోన్ చేశాడు. పైవాళ్ళు ఇంకా పైవాళ్ళను అడుగుతామన్నారు. ఆయన ఫోను పెట్టేసి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో జనం ఫోన్లు నేనే ఆపడం ఇదే మొదటిసారి అమ్మా. ఆర్డరు రాయండి. కింద ఇద్దరం సంతకం పెడదాం."

హైమ రాసింది. సంతకం పెట్టింది. తానే వెళ్ళి మీట నొక్కింది. మూడు జిల్లాల్లో లక్షలమంది చెవుల్లో మాట సగంలో తెగిపోయింది. కొండ తీగ మెల్లగా ఖాళీ అయింది. చీకటి గదిలో కళ్ళు సర్దుకున్నట్టు, తెరమీద గీతలు ఒక్కొక్కటే తేటపడ్డాయి. హైమ పరిశోధనశాలకు తిరిగి వచ్చేసరికి సాదిక్ చెవులు రిక్కించి కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చింది, టక్ టక్ టక్.

 హైమ ఫోన్‌లో రక్షణాధికారికి ఒక్కటే చెప్పింది, కొంచెం తూర్పుకు జరపండి అని.

సరిగ్గా ఆ వేళలోనే, నీలిమెట్టకు రెండు కొండల అవతల, కాఫీ తోటలో విరిగిపడిన చెట్లను చూడటానికి దిగిన తవిటినాయుడిని రక్తపింజరి కరిచింది. పక్కన ఉన్న రైతు పాంగి బలరాం అతన్ని జీపులో ఎక్కించాడు. బండి ఉంది కనుక అంబులెన్సును పిలవాలని వాళ్ళకు తోచలేదు. కావలసినది బండి కాదు, పాము విరుగుడు ఇంజక్షన్ ఎక్కడుందన్న కబురు. కొండ మీది చిన్న ఆసుపత్రి దగ్గర. కింద పట్నంలోనిది దూరం. తవిటినాయుడికి కొండ మీది డాక్టరు తెలిసినవాడే, అతని సెల్ నంబరూ ఉంది. చేస్తే పోలేదు, ఆపకుండా వదిలిన ఆసుపత్రి లైన్లలో అది లేదు. మళ్ళీ చేశాడు. హైమకు చేశాడు. మార్గం రద్దీగా ఉందన్న రికార్డు గొంతు తప్ప ఏమీ రాలేదు. దగ్గరిదానికే పోదామనుకున్నారు. వాగులు దాటుకుంటూ అక్కడికి చేరేసరికి, ఉన్న ఇంజక్షన్లు అంతకుముందు రోజే అయిపోయాయని డాక్టరు తల కొట్టుకున్నాడు. అప్పుడు జీపు వెనక్కి తిరిగి ఘాట్ రోడ్డు పట్టింది.

మర్నాడు తెల్లవారాక గొట్టం గది పైకప్పును తాకింది. దానిని వెడల్పు చేసి, తాళ్ళతో ఒక్కొక్కరినీ పైకి లాగారు. పదకొండో మనిషి పలాస దగ్గరివాడు, బొడ్డేపల్లి గున్నయ్య. రాతిని కొట్టినవాడు అతనే. ఇనుప కడ్డీ ఇంకా చేతిలో పట్టుకునే పైకి వచ్చాడు, దాన్ని విడిపించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చిందట. టీవీలో అది చూసి పరిశోధనశాల అంతా ఒక్క గొంతుతో అరిచింది. సాదిక్ బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాడు. త్రివిక్రమరావు ప్రతివాడి చేతినీ పట్టుకుని ఊపుతూ తిరిగాడు. హైమ నవ్వుతూ వెళ్ళి, మళ్ళీ తానే మీట ఎత్తింది. రద్దీ కొండ తీగలోకి మళ్ళింది. ఆగిన సందేశాలన్నీ ఎవరి ఫోన్లలోకి వాళ్ళవి వచ్చి పడటం మొదలైంది.

ఆమె ఫోన్ బల్లమీద ఆగకుండా అదురుతూనే ఉంది.

పెద్దాసుపత్రికి ఆమె చేరేసరికి తవిటినాయుడి ప్రాణానికి గండం తప్పింది. కుడికాలు మాత్రం మోకాలి కింద నుంచి తీసేశారు. తొలి గంటల్లో మందు పడి ఉంటే కాలు దక్కేదని డాక్టరు చెప్పాడు. ఫోను కలిసి ఉంటే వాళ్ళు నేరుగా కిందికే వచ్చేవారు. బలరాం వరండాలో తడి బట్టలతోనే కూర్చుని, ఎన్నిసార్లు ప్రయత్నించారో చెబుతుంటే హైమ గోడకు ఆనుకుని నిలబడి విన్నది.

భర్తకు తెలివి వచ్చాక రెండు రోజులు ఆమె ఏమీ చెప్పలేదు. మూడో రోజు చెప్పింది. ఆర్డరు రాసింది తానేనని, మీట నొక్కింది తన చెయ్యేనని. అతను కాసేపు దుప్పటి కింద ఖాళీగా ఉన్న చోటును చూశాడు.

"బయటికెంతమంది వచ్చేరు?"

"పదకొండు మందీ వచ్చేరండీ."

"నొక్కినప్పుడు నా ఫోను కూడా ఆగిపోద్దని నీకు తెలుసేటి?"

"తెలీదు. తెలిసుంటే నొక్కేదాన్నో లేదో ఇప్పటికీ చెప్పలేను."

అతను ఆమె చెయ్యి పట్టుకోలేదు. పొమ్మనీ అనలేదు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళిద్దరి మధ్య అవసరమైన మాటలే నడిచాయి. కట్టు మార్చాలి, మందు వేసుకోవాలి, మంచినీళ్ళు కావాలి. గున్నయ్య, మరో ఇద్దరు పనివాళ్ళు ఒక రోజు పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చారు. ఏం మాట్లాడాలో తెలియక మంచం చుట్టూ నిలబడ్డారు. తవిటినాయుడే వాళ్ళను కూర్చోబెట్టి, లోపల గాలి ఎలా ఉండేది, తిండికి ఏం చేశారు అని అడిగి అడిగి చెప్పించుకున్నాడు. 

కంపెనీ విచారణ వేసింది. త్రివిక్రమరావు ఒక్క మాట కూడా హైమ మీదికి నెట్టలేదు. పదకొండు ప్రాణాల ముందు ఆగిన ఫోన్లు లెక్కలోకి రావని విచారణ తేల్చింది. చప్పట్లు కొట్టారు, సన్మానం అన్నారు. హైమ మాత్రం ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడింది. కలిసిన ఫోను వెనక ఏముందో రెండువైపులా ఎవరో ఒకరికి తెలుస్తుంది. కలవని ఫోను వెనక ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఆ రోజు ఎంతమంది బలరాములు ఎన్ని వాగుల దగ్గర ఆగారో ఏ విచారణ చెబుతుంది?

కొత్త కాలుతో నడక నేర్చుకుంటున్న తవిటినాయుడు గోడ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు ఫోన్లకు చోటు ఎందుకు చాలలేదని అడిగాడు. ఆ పాత లింకులో ఒక్కొక్కరికి ఎంత దక్కేదని అడిగాడు. అందరూ ఎంతసేపైనా మాట్లాడుకునేటట్టయితే పదిమందిలో ఒకరికే దక్కుతుందని ఆమె చెప్పింది.

"నాకెంతసేపు కావాల హైమా? 'మందుందా?' అని నేనడగాల, 'నేదు, కిందకెళ్ళిపోండి' అని ఆయన చెప్పాల. అర నిమిషం. ఆ అర నిమిషం అందరికీ ఇవ్వలేవా?"

 హైమ లేచి, కాగితం కోసం ఇల్లంతా వెతికింది. దొరికింది కరెంటు బిల్లు. దాని వెనకనే లెక్క మొదలుపెట్టింది. ఎవరినీ బయట నిలబెట్టక్కర్లేదు. ఎవరు ముఖ్యం, ఎవరు కాదు అని ఎంచక్కర్లేదు. ప్రాణాపాయం నంబర్లకు ఎలాగూ దారి ఉంటుంది. మిగతా ప్రతి ఫోనుకూ అర నిమిషం, ఎవరికైనా సరే. అయిపోతే వరస చివరికి వెళ్ళి మళ్ళీ రావాలి. వీడియోలు, సినిమాలు ఆగితే ఆగాయి. లెక్క సరిపోతోంది. దాదాపు సరిపోతోంది. ఆమె సాదిక్‌కు ఫోన్ చేసి, ఇప్పుడే బయలుదేరి రమ్మంది. అతను వచ్చేసరికి తవిటినాయుడు గోడ పట్టుకుంటూనే ముగ్గురికీ కాఫీ కలిపాడు.

ఆ నియమాన్ని కంపెనీ చేత ఒప్పించడానికి మిగిలిన ఏడాదంతా పట్టింది.

మళ్ళీ వానలు వచ్చాయి. తవిటినాయుడు, వద్దన్నా వినకుండా, తిరిగి కొండల్లో ఉద్యోగంలో చేరాడు. ఒక మధ్యాహ్నం వరదనీరు రహదారి గట్టును కోసేసింది, పెద్ద కేబుల్ తెగింది. అదే గంటలో ఘాట్ రోడ్డు మీద చరియలు కదులుతున్నాయని కొండ తీగ చెబుతోంది. కింద బస్సులు వస్తున్నాయి. తీగను ఖాళీగా ఉంచి తీరాలి. హైమ ఈసారి ఎవరినీ అడగలేదు. బస్సులు ఆపమని ఘాట్ రోడ్డు పోలీసులకు చెప్పి, అర నిమిషం నియమాన్ని అమలులో పెట్టింది.

గోడంత తెరమీద పాత లింకు అంచుల దాకా నిండింది. పొంగలేదు. మూడు జిల్లాలు అర నిమిషం చొప్పున మాట్లాడుకుంటున్నాయి. ఫోన్లు కలుస్తున్నాయి, తెగుతున్నాయి, వాటి చోట కొత్తవి కలుస్తున్నాయి. త్రివిక్రమరావు నిలబడి రెప్పవేయకుండా చూస్తున్నాడు. సాదిక్ హెడ్‌ఫోన్లు తీయకుండానే, బస్సులు ఆగాయని, చరియకు ఇవతలే ఆగాయని చెయ్యి ఊపి చెప్పాడు.

హైమ ఫోన్ మోగింది.

"హైమా, నేను. చరియకి ఇవతలే ఉన్నాను, బానే ఉన్నాను. ఫోన్ కలిసింది చూసేవా!" వెనక వాన హోరున వినిపిస్తోంది. ఆమె నోరు తెరిచేలోగానే అతను అన్నాడు, "నాకింతే పని. మిగతాది ఇంకెవలికైనా ఇచ్చేయ్."

ఫోను పెట్టేశాడు. తెరమీద అతను వదిలిన చోటులోకి మరుక్షణమే మరో ఫోను వచ్చి కలిసింది.